మెత్తల గదిలో గుండె చప్పుడు

ఫ్యాక్టరీ గేటు ముందు పోలీసు జీపు కనిపించగానే డిటెక్టివ్‌కి తన పని ఇంకాస్త కష్టమైందని అర్థమైంది. స్కూటర్ ఆపి హెల్మెట్ తీసేలోగానే ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పనిచేసినవాళ్ళు. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటోంది. ఆయన అక్కడే ఉండి పైకొచ్చాడు. ఎప్పుడు ఎదురుపడినా ఒకరినొకరు ఎంతో మర్యాదగా పలకరించుకుంటారు. కారమంతా ఆ మర్యాదలోనే ఉంటుంది.

కేసు తేలిపోయిందనీ, మేడమ్ అనవసరంగా ఈ ఎండలో శ్రమపడ్డారనీ ఆయన తెగ నొచ్చుకున్నాడు. తేలిపోయిన కేసు దగ్గర ఇన్‌స్పెక్టర్ గారు కాపలా ఎందుకు కాస్తున్నారని ఆమె అడిగింది.

అది పాత బట్టల ఫ్యాక్టరీ. జనం తొడిగి వదిలేసిన చొక్కాలూ లంగాలూ దుప్పట్లూ, దర్జీ కొట్లలో మిగిలిన పేలికలూ లారీల్లో వస్తాయి. వాటికున్న గుండీలూ జిప్పులూ ఊడదీసి, మిషన్లో వేసి పీచు పీచుగా చింపుతారు. ఆ పీచుని పొరలుగా పరిచి ఓవెన్లోకి పంపితే వేడికి బిగుసుకుని జానెడు మందాన మెత్తలవుతాయి. ఇళ్ళ గోడల్లో, పైకప్పుల్లో ఆ మెత్తలు పెడితే బయటి ఎండ లోపలికి రాదు. లోపలి మాట బయటికి పోదు.

ఆ సరుకు ఎంత చప్పుడు ఆపుతుందో వచ్చినవాళ్ళకి చూపించడానికి యజమాని ఒక గది కట్టించాడు. గోడలకీ, పైకప్పుకీ, తలుపుకీ కూడా మెత్తలే. పనివాళ్ళు దాన్ని మెత్తల గది అనేవారు. యజమానిని పెద్దాయన అనేవారు. నిన్న ఉదయం ఆ గదిలోనే పెద్దాయన శవమై కనిపించాడు.

ముఖం మీద మెత్త అదిమి ఊపిరాడకుండా చేశారని పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పాడు. ముక్కులోనూ గొంతులోనూ నీలం పీచు దొరికింది. ఎప్పుడు జరిగిందన్న దగ్గర ఇన్‌స్పెక్టర్‌కి ఏ అనుమానమూ లేదు. తండ్రి ఫోన్ ఎత్తడం లేదని కూతురు వెతుక్కుంటూ వచ్చేసరికి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఛాతీ మీద చెవి పెడితే గుండె కొట్టుకుంటోంది. అంబులెన్స్ వచ్చేలోగా ప్రాణం పోయింది. అంటే అదిమింది అంతకు కాసేపటి ముందే. అప్పటికి పనివాళ్ళింకా రాలేదు. తెల్లవారగానే వచ్చి ఓవెన్ వెలిగించిన అల్లుడొక్కడే ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఈ పని వదిలేసి వేరే చోట చేరతానన్నందుకు మామగారు ఆ వారమే అతన్ని నలుగురి ముందూ కడిగేశాడు. అల్లుడు ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

డిటెక్టివ్‌ని పిలిపించింది కూతురే. తన భర్త చీమకు కూడా హాని చెయ్యడనీ, ఎలాగైనా విడిపించమనీ రాత్రంతా ఫోన్లో ఏడ్చింది.

ఆమెని కారులో తీసుకొచ్చినవాడు బాబాయ్. అంటే పెద్దాయన తమ్ముడు. ఫ్యాక్టరీ పనంతా దగ్గరుండి చూసుకునేది ఆయనే. పలచగా, తెల్లగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. డిటెక్టివ్‌కి కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె జాకెట్ చేతి మీదున్న నూగుపోగుని రెండు వేళ్ళతో తీసి పక్కన పడేశాడు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో బతికినవాడి అలవాటు. అయినా ఆ వేళ్ళు తాకిన చోటు ఆమెకి చాలాసేపు చల్లగానే అనిపించింది.

మొన్న సాయంత్రం నుంచి ఎక్కడున్నారని అడిగింది. చీకటిపడే వేళకి బస్సెక్కాననీ, గేటు దగ్గర వాచ్‌మన్ చూశాడనీ, తెల్లారేసరికి వేరే ఊళ్ళో కాంట్రాక్టర్ ఇంట్లో ఉన్నాననీ చెప్పాడు. అమ్మాయి ఫోన్ రాగానే ఉన్నపళంగా బయల్దేరానన్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ అప్పటికే విచారించి చూసుకున్నాడు. ఉదయం జరిగిన చావుకీ ఈయనకీ మధ్య ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరముంది.

మెత్తల గది చూస్తానని డిటెక్టివ్ అంటే, ఇన్‌స్పెక్టర్ ముందు కూతురితో మాట్లాడమన్నాడు. ఆ అమ్మాయి మాట వింటే గది చూడాల్సిన పని ఉండదని ఆయన నమ్మకం.

ఆఫీసు గదిలో ఒక మూల కూర్చుంది కూతురు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయినా, తండ్రి గురించి చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఒక రకమైన తృప్తి కనబడింది. డిటెక్టివ్‌కి అది వింతగా తోచింది. పెళ్ళయ్యాక తండ్రితో సరిగ్గా మాట్లాడిందే లేదట. ఎప్పుడూ ఏదో ఒక తగువు. నిన్న మాత్రం తలుపు తీసి, నేల మీద పడున్న మనిషిని చూసి, పక్కన కూలబడి ఛాతీ మీద చెవి పెట్టిందట.

"కొట్టుకుంటోంది మేడమ్. మెల్లగా మొదలై, నేను నాన్నా నాన్నా అంటుంటే ఇంకా గట్టిగా కొట్టుకుంది. నాకోసమే ఆగాడు. నన్ను గుర్తుపట్టాడు."

ఎలా గుర్తుపట్టాడని అనుకుంటున్నావని డిటెక్టివ్ అడిగింది.

"చెయ్యి పట్టుకున్నాడు. నేను నా వేళ్ళు ఆయన అరచేతిలో పెట్టాను. ఫోన్ చేద్దామని లేవబోతే వదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నేనే ఒక్కొక్క వేలూ లాక్కుని రావాల్సొచ్చింది."

అలా పట్టుకున్న చేతుల్ని డిటెక్టివ్ తన పోలీసు సర్వీసులో చాలా చూసింది. కానీ వెచ్చటి ఒళ్ళూ, కొట్టుకునే గుండే, వదలని చెయ్యీ ఒకే మనిషివి ఎలా అయ్యాయో ఆమెకే ఇంకా తెలియదు.

బయటికొచ్చి, శవం చేతులు బిగుసుకుపోయి ఉన్నాయా అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది. ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. డాక్టరు కూడా ఆ మాటే అన్నాడట. అంత తొందరగా బిగుసుకోవడం చిత్రంగా ఉందన్నాడట. కానీ గుండె కొట్టుకుంటుండగా విన్న సాక్షి ఉంది కదా అని సరిపెట్టుకున్నాడట.

"అంటే డాక్టరు చూసినదాన్ని ఆ అమ్మాయి విన్నది కొట్టేసింది," అంది డిటెక్టివ్.

"కన్నకూతురు. భర్త మీదకొచ్చే మాట అని తెలిసీ చెప్పింది. అబద్ధమైతే ఎందుకు చెబుతుంది?"

"అబద్ధమని నేననలేదు."

ఆయన ఫోన్లో ఉన్న ఫోటోలు చూపించాడు. పెద్దాయన వెల్లకిలా పడున్నాడు. పక్కన నాలుగైదు మెత్తలు చిందరవందరగా ఉన్నాయి. ఆ గదిలో విడి మెత్తలు ఎప్పుడూ పడుండేవేనట, అందుకే వాటిని ఎవరూ పట్టించుకోలేదు. డిటెక్టివ్ ఫోటోని పెద్దది చేసి కాళ్ళ దాకా జరిపింది. జుట్టులో నూగు, చొక్కా మీద నూగు, ప్యాంటు మీద నూగు. చివరికి బూట్ల మీద కూడా నీలం నూగు.

"ముఖం మీద అదిమితే బూట్ల మీదకి నూగెలా వచ్చింది?"

ఫ్యాక్టరీ అంతా నూగేనన్నాడు ఆయన. నిజమే. కానీ తన బూట్ల మీదా ఆయన బూట్ల మీదా పొద్దున్నుంచి తిరిగినా అంత లేదని ఆమె చూపించింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మెత్తల గది ఫ్యాక్టరీ వెనకవైపు ఉంది. తలుపు తియ్యాలంటే రెండు చేతులా బలంగా లాగాల్సొచ్చింది. లోపల అడుగుపెట్టగానే చెవుల మీద ఎవరో అరచేతులు ఆనించినట్టయింది. గోడల నిండా బూడిదరంగు, నీలంరంగు కలిసిన మెత్తలు. దగ్గరగా చూస్తే మిషన్లో పూర్తిగా చిరగని ముక్కలు అక్కడక్కడా తొంగి చూస్తున్నాయి. ఒకచోట పసిపిల్ల గౌను మీది పువ్వు. ఒకచోట చొక్కా కాలరు అంచు, ఇంకా చెమట మరక పోలేదు. ఒకచోట ఎవరో దారంతో కుట్టుకున్న తమ పేరులోని ఒకే ఒక్క అక్షరం. ఎంతమంది ఒంటి మీదివో ఆ బట్టలు. అందరూ గోడల్లో నిలబడి మాట్లాడకుండా చూస్తున్నట్టుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దామంది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్‌ని బయట నిలబెట్టి తలుపు వేయించుకుని, లోపలినుంచి గొంతు చించుకుని అరిచింది. తలుపు తెరిచాక, మొదలుపెట్టమంటారా అని ఆయన అడిగాడు.

"అయిపోయింది. పదేళ్ళుగా మీతో అనాలనుకున్నవన్నీ అనేశాను. మనసు తేలికపడింది."

ఆయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె మళ్ళీ తలుపు వెయ్యమంది. ఈసారి కాసేపు తెరవొద్దంది.

తలుపు మూసుకున్నాక ఆ గదిలో ఏమీ లేదు. ఫ్యాను లేదు, గాలి లేదు, దూరాన వెళ్ళే లారీ లేదు. మామూలు నిశ్శబ్దంలో ఉండే ఆ సన్నటి గుయ్యిమనే చప్పుడు కూడా లేదు. ఆమె అడుగు వేసింది. తన అడుగు తనకే వినిపించలేదు. తల తిప్పితే మెడ ఎముక కిర్రుమనడం మాత్రం ఎవరో చెవిలో తలుపు తీసినట్టు వినిపించింది. గుటక వేస్తే నీళ్ళలో రాయి పడ్డట్టుంది. పక్కనే ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఊపిరి బిగబట్టి చూసింది. పక్కవాళ్ళు కూడా బిగబట్టారు.

భయపడడానికి ఏమీ లేదని తనకి తాను చెప్పుకుంది. పెద్దాయన పడున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడున్న మెత్తని మడిచి, కూతురు చేసినట్టే వంగి చెవి ఆనించింది.

మెత్తలో గుండె కొట్టుకుంటోంది.

ఆమె చటుక్కున లేచి వెనక్కి జరిగింది. చనిపోయినవాళ్ళ గురించి చెప్పుకునే కథలు ఆమె ఎన్నడూ నమ్మలేదు. కానీ ఆ క్షణంలో ఆ మెత్తలోని వేలమంది మనుషుల్లో ఒకరు ఇంకా బతికే ఉన్నారని ఆమెకి నిజంగా అనిపించింది. తలుపు కొడదామని చెయ్యి ఎత్తింది కూడా. ఎత్తిన చేతిని దించి, మళ్ళీ కూర్చుని, ఈసారి రెండో చెవి ఆనించింది.

ఆమె ఎడమ చెవి చిన్నప్పుడు కర్ణభేరి పగిలి చెడిపోయింది. పక్కన నిలబడి పిలిచినా దానికి వినపడదు. ఆ చెవికి ఇప్పుడు గుండె చప్పుడు ఇంకా గట్టిగా వినిపించింది. ధబ్, ధబ్ అని, మెత్త లోపల పిడికిలితో గుద్దుతున్నట్టు.

బయటి చప్పుడేదీ వినలేని చెవి ఇది. మరి ఇంత బాగా ఎలా వింటోంది? ఆమె లేచి, ఆయాసం వచ్చేదాకా గది చుట్టూ గబగబా తిరిగి, వచ్చి మళ్ళీ ఆనించింది. మెత్తలోని గుండె కూడా ఆయాసపడుతోంది.

తర్వాత ఆ మెత్తని మెల్లగా పక్కకి జరిపి, నాన్నా నాన్నా అని పిలుస్తున్న కొద్దీ గట్టిగా కొట్టుకున్న గుండె ఎవరిదో తలుచుకుని కళ్ళు మూసుకుంది.

బయటికొచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఎగతాళి చెయ్యబోయి మానుకున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన నమ్మలేదు. తనే లోపలికి వెళ్ళి తలుపు వేయించుకున్నాడు. ఆమె అనుకున్నదానికన్నా చాలా ముందే తలుపు తీయించుకుని బయటపడ్డాడు.

"సరే, గుండె సంగతి అలా ఉంచండి," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "ఒళ్ళు వెచ్చగా ఉండడం మాటేమిటి? అది నేను కూడా తాకి చూశాను మేడమ్. ఈ గది చల్లగా ఉంది. రాత్రి పోయిన మనిషైతే పొద్దుటికి రాయిలా ఉండాలి."

డిటెక్టివ్ ఆయన్ని పక్కనున్న షెడ్డులోకి తీసుకెళ్ళింది. మొన్న సాయంత్రం ఓవెన్లోంచి తీసిన మెత్తలు అక్కడ మనిషెత్తున దొంతరగా పేర్చి ఉన్నాయి. ఆ తర్వాత ఓవెన్లోకి సరుకు పోలేదు. నిన్న అల్లుడు వెలిగించినా శవం కనబడ్డంతో ఆర్పేశారు. దొంతర మధ్యలోకి చెయ్యి దూర్చమంది. ఆయన మోచేతి దాకా దూర్చాడు. ఒక్కసారిగా ముఖం మారిపోయి చెయ్యి లాక్కున్నాడు.

"లోపల ఎవరో పడుకున్నట్టుంది."

"రెండు రాత్రులు గడిచాయి దానికి. ఇంకా వెచ్చగానే ఉంది. వేడిని కదలనివ్వకపోవడమే కదా ఈ సరుకు పని. మొన్న సాయంత్రం అప్పుడే ఓవెన్లోంచి తీసిన మెత్తలు నాలుగు కింద పరిచి, నాలుగు పైన కప్పి, వాటి మధ్య ఒక మనిషిని పెడితే?"

బూట్ల మీది నూగు ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. కాసేపటికి, అల్లుడు మొన్న సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఇంట్లో చుట్టాల మధ్య ఉన్నాడని తనే నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఆ టైములో ఫ్యాక్టరీలో పెద్దాయనతో ఉన్నది ఎవరో ఇద్దరూ పైకి అనలేదు.

కారణం మాత్రం ఆమెకి ఇంకా దొరకలేదు. పెద్దాయన జేబులో ఏమేం దొరికాయని అడిగింది. తాళాలు, కళ్ళజోడు, అగ్గిపెట్టె, మాడిపోయిన చిన్న మెత్త ముక్క. సిగరెట్లు తాగేవాడేమోనని ఇన్‌స్పెక్టర్ వదిలేశాడు. పెద్దాయన ఎన్నడూ పొగ తాగలేదని కూతురు పొద్దున్నే చెప్పింది. డిటెక్టివ్ వాచ్‌మన్ దగ్గర అగ్గిపెట్టె అడిగి తెచ్చుకుంది. మెత్తల గది గోడలోంచి ఒక చిటికెడు, కొత్త దొంతరలోంచి ఒక చిటికెడు పీచు తీసుకుని, ఆరుబయట సిమెంటు గచ్చు మీద పెట్టి అంటించింది. గోడలోని పీచు నల్లబడి ఆరిపోయింది. కొత్తది భగ్గున లేచి, ఆమె బూటుతో తొక్కేలోగానే బూడిదైంది.

మెత్తలకి మంట అంటుకోకుండా ఒక మందునీళ్ళలో నానబెట్టి ఆరబెడతారని వాచ్‌మన్ చెప్పాడు. ఈసారి తొందర పని కావడంతో ఆరబెట్టడం తను చూడలేదన్నాడు. ఆ పని దగ్గరుండి చేయించేది బాబాయేనట. ఈ సరుకు ఎక్కడికి వెళ్తుందని అడిగితే, కొత్తగా కడుతున్న పిల్లల ఆసుపత్రికి అన్నాడు. సగం ఇప్పటికే వెళ్ళిపోయిందట, గోడల్లో పెట్టేశారట కూడా.

పెద్దాయన ఆ సాయంత్రం ఒక ముక్క అంటించి చూశాడు. చూసి, సరుకు ఆపమని ఉంటాడు. బిగించిన గోడలు పగలగొట్టించమని ఉంటాడు. అల్లుణ్ణే నలుగురి ముందూ కడిగేసిన మనిషి తమ్ముణ్ణి ఊరికే వదులుతాడనుకోలేం.

"ఊహతో నేను ఎవర్నీ లోపల వెయ్యలేను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెనకటి వెటకారం లేదు. "కోర్టులో నిలబడేది ఒక్కటే మాట. ఆ అమ్మాయి గుండె చప్పుడు విన్నానంటే, ఉదయం బతికున్నట్టే. ఆవిడ మాట మార్చుకోకపోతే మీ లెక్కలన్నీ గాలికి పోతాయి."

అదే డిటెక్టివ్‌కీ కష్టంగా ఉంది. లాకప్‌లో ఉన్న భర్తని విడిపించాలంటే ఆ అమ్మాయి దగ్గర మిగిలిన ఒకే ఒక్కదాన్ని లాక్కోవాలి. ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఒకసారి నాతో రా తల్లీ అని పిలిచింది. బాబాయ్ కూడా లేచాడు. మీరు కూర్చోండి, అయిదు నిమిషాల్లో వచ్చేస్తామని ఇన్‌స్పెక్టర్ ఆయన్ని ఆపాడు. ఆయన అలాగేనని వినయంగా తలూపి కూర్చున్నాడు.

ముగ్గురూ మెత్తల గదిలోకి వచ్చారు. కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోతే డిటెక్టివ్ భుజం పట్టుకుని నడిపించింది. నేల మీద మెత్త మడిచి పెట్టి, దాని మీద చెవి పెట్టమంది. కూతురు అర్థం కానట్టు చూసి, వంగింది.

చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా లేచింది.

"కొట్టుకుంటోంది."

"ఎవరిది?"

కూతురు మెత్త వైపు చూసింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. ఒక్కొక్కటిగా అర్థమవుతుంటే ఆమె ముఖం చూడలేక ఇన్‌స్పెక్టర్ గోడ వైపు తిరిగాడు.

"మరి చెయ్యి? చెయ్యి పట్టుకున్నాడు కదా."

"బిగుసుకుపోయిందమ్మా. మీ నాన్నగారు ముందురోజు సాయంత్రమే వెళ్ళిపోయారు."

కూతురు గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "మీరు మా ఆయన్ని విడిపించడానికి వచ్చారా, నాకు మిగిలింది తీసుకుపోవడానికి వచ్చారా? ఏడేళ్ళు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు నేను. ఆఖరికి ఒక్కసారి నన్ను పట్టుకున్నాడనుకున్నాను. అది కూడా లేదంటారా?"

డిటెక్టివ్ ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆ అమ్మాయి ఏడ్చినంతసేపూ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఏడుపు కాస్త తగ్గాక, నాన్న మీద ఏమైనా కప్పి ఉందా అని మెల్లగా అడిగింది.

కూతురు తలూపింది. తల నుంచి కాళ్ళ దాకా మెత్తలు కప్పి ఉన్నాయంది. చలేసి కప్పుకుని నిద్రపోయాడనుకుని తనే లాగేశానంది. పోలీసులకి ఎందుకు చెప్పలేదని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"బాబాయ్ చెప్పొద్దన్నాడు. కప్పిన మెత్తలు నువ్వు తీసినట్టు ఎవరితోనూ అనకు, సాక్ష్యం చెరిపావని నీ మీదకొస్తుంది అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"అప్పుడే. ఈ గది బయటికెళ్ళి ఫోన్ చేసినప్పుడే."

"బాబాయ్‌తో నువ్వేమన్నావో గుర్తు చేసుకో తల్లీ. మాటకి మాట చెప్పు."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "నాన్న మెత్తల గదిలో పడిపోయున్నాడు, తొందరగా రా బాబాయ్ అన్నాను. అంతే. అంతకన్నా మాట్లాడలేకపోయాను." ఆగింది. "మెత్తల సంగతి నేను చెప్పలేదు."

ఆ మాట తన నోటినుంచే వచ్చినా, తనే మొదటిసారి విన్నట్టు చూసింది. డిటెక్టివ్ ఏదో అనబోతూ ఆమె చూపు వెంట తల తిప్పింది.

గుమ్మంలో బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు. ఆ గదిలో అడుగుల చప్పుడు ఎవరికీ వినిపించదు. ఆయన డిటెక్టివ్ వైపు కానీ, ఇన్‌స్పెక్టర్ వైపు కానీ చూడలేదు. అన్న కూతురి వైపే చూశాడు, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్లని చూసినట్టే.

"నిన్ను ఇందులోకి రానివ్వకూడదనే చూశానమ్మా," అన్నాడు మెల్లగా. "పొద్దున్నే వచ్చేది మీ ఆయన కదా, వాడే చూస్తాడనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ ముందుకి దూకాడు. తలుపు అంతకన్నా ముందే మూసుకుంది. భుజంతో నెట్టాడు, కాలితో తన్నాడు. అవతల గడియ పడింది. ఫోన్ తీసి చూశాడు, సిగ్నల్ లేదు. గేటు దగ్గర జీపులో తన డ్రైవర్ ఉన్నాడనీ, కేకేస్తే వినపడే దూరమేననీ అన్నాడు. అన్నాక ఆ మాటకి అర్థం లేదని తనకే తెలిసి ఊరుకున్నాడు. ఇంత మందాన మెత్తల మధ్య ముగ్గురికి గాలి ఎంతసేపు సరిపోతుందో లెక్కవేస్తూ డిటెక్టివ్ పైకప్పు కేసి చూసింది. ఆ లెక్క పైకి చెప్పలేదు.

కూతురు మాత్రం తలుపు దగ్గరికి వెళ్ళలేదు. చీర చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడింది.

"నా స్టేట్‌మెంట్ మళ్ళీ తీసుకోండి. నేను వచ్చేసరికి మా నాన్న పోయి చాలాసేపయింది. నేను విన్నది నా గుండే. మా ఆయనకి దీంతో సంబంధం లేదు. ఇప్పుడే రాసుకోండి. మనం బయటికెళ్ళినా వెళ్ళకపోయినా ఆ కాగితం ఉండాలి."

ఇన్‌స్పెక్టర్ ఒక క్షణం డిటెక్టివ్ కేసి చూశాడు. తర్వాత జేబులోంచి నోట్‌బుక్కూ పెన్నూ తీసి, గోడకి ఆనుకుని కూర్చుని, రాయడం మొదలుపెట్టాడు. కాగితం మీద పెన్ను కదిలే చప్పుడు తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదు. తలుపు అవతల ఏం జరుగుతోందో తెలుసుకునే దారి ముగ్గురిలో ఒక్కరికీ లేదు.